గుట్టు వెల ఎంత?

మా ఇంట్లో పడమటి గదిలో ఒక బీరువా ఉంది. మా ఆవిడ దానికి "మోళీవాడి పెట్టె" అని పేరు పెట్టింది. చుట్టాలు వచ్చినప్పుడు, "అందులో ఏముందండీ?" అని ఎవరైనా అడిగితే, "పాములు లేవుగాని తక్కినవన్నీ ఉన్నాయి" అంటుంది. అందులో ఉన్నవి పుస్తకాలు. అన్నీ గారడీ విద్యను గురించినవే. కనికట్టు అనండి, హస్తలాఘవం అనండి, ఇంద్రజాలం అనండి, ఆ విద్యను గురించి ఎవరు ఏ కాలంలో రాసినా సరే, ఆ పుస్తకం నాకు కావాలి.

ఇంతా చేసి నాకు ఒక్క గారడీ కూడా చేతకాదు. ఒకసారి మా మనవడి పుట్టినరోజున రూపాయి బిళ్ళ మాయం చేస్తానని బయల్దేరాను. బిళ్ళ మాయమైన మాట నిజమే. కాని నేను కుర్చీలోంచి లేవగానే చొక్కా చేతిలోంచి ఠంగుమని కింద పడింది. పిల్లలు అసలు గారడీకంటె ఆ కొసరుకే ఎక్కువ చప్పట్లు కొట్టారు. అప్పటినుంచీ చదవడంతోనే తృప్తిపడుతున్నాను.

ఈ బీరువా చూసినవాళ్ళు తప్పకుండా వేసే ప్రశ్న ఒకటుంది. మొన్న మా పక్కింటి ప్లీడరుగారు కూడా వేశారు. "ఏమండీ, గారడీ అంటేనే గుట్టు కదా! గుట్టు అచ్చుపడ్డాక ఇహ అది గుట్టెలా అవుతుంది? గుట్టు కానిదానికి మీరింత వెల పెట్టడమేమిటి?"

ప్లీడరు ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పడం ప్రమాదం. అంచేత వారం రోజులు ఆలోచించుకుని, ఇదుగో, ఈ వారం ఈ పేజీలో చెబుతున్నాను.

* * *

ఈ పిచ్చి నాకు పట్టింది మద్రాసులో. 1974లో అక్కడ చిన్న ఉద్యోగంలో ఉండేవాణ్ణి. సాయంత్రమైతే సెంట్రల్ స్టేషను పక్కనున్న మూర్ మార్కెట్టుకు చేరేవాణ్ణి. 1985లో అది కాలిపోయింది కనక ఈనాటి కుర్రవాళ్ళకు తెలియదు. అక్కడ దొరకని పుస్తకం లేదనేవారు. మనం వెతుకుతున్న పుస్తకం మాత్రం ఎప్పుడూ దొరికేది కాదు. వెతకనివే దొరికేవి.

అలా దొరికిందే వెన్ను ఊడిపోయిన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. పేరు 'మోడరన్ మేజిక్'. రాసినవారు ప్రొఫెసర్ హాఫ్‌మన్. 5 రూపాయలు చెప్పి 3 రూపాయలకు ఇచ్చాడు. ఆ రాత్రి మెస్సులో భోజనానికి కూడా వెళ్ళకుండా చదివాను.

ఈ హాఫ్‌మన్ ప్రొఫెసరూ కాడు, హాఫ్‌మనూ కాడు. అసలు పేరు ఏంజెలో లూయిస్. లండనులో బారిస్టరు. (మా ప్లీడరుగారు గమనించాలి.) మొదట పిల్లల పత్రికలో వరసగా రాసి, 1876లో పుస్తకంగా వేయించాడు. ధారావాహికలు చదివే మన పాఠకులకు ఆ ముచ్చట వేరే చెప్పనక్కర్లేదు. 318 బొమ్మలతో, బిళ్ళను అరచేతిలో ఎలా పట్టుకోవాలి, పేకముక్కను ఎలా మార్చాలి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి చూపు ఎలా మళ్ళించాలి, అన్నీ పాఠం చెప్పినట్టు చెప్పాడు. తమ పొట్ట కొట్టాడని గారడీవాళ్ళు గోలపెట్టారు. జరిగింది మాత్రం వేరు. ఆ పుస్తకం చదివే తరవాతి తరం గారడీవాళ్ళు ఎందరో తయారయ్యారు.

నాకు అందులో అన్నిటికంటె నచ్చింది ఆ చూపు మళ్ళించడమన్న మాట. చెయ్యి చురుకుగా ఉండడం రెండోది. ఎడమచేతిలో పని జరుగుతున్నప్పుడు, చూసేవాడు తనంతట తానే కుడిచేతిని చూడాలి. విద్య అంతా అక్కడే ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

* * *

పుస్తకాలు పోగుచేసేవాడికి పుస్తకాలతోపాటు తనలాంటి పిచ్చివాళ్ళు కూడా పోగవుతారు. ఒకరి దగ్గర రెండు ప్రతులుంటాయి, ఇంకొకరి దగ్గర ఒక్కటీ ఉండదు. ఉత్తరాలు నడుస్తాయి. అమెరికాలో ఇలాంటివాళ్ళు 1949లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. మన దేశంలో మాకు సంఘమూ లేదు, చందా లేదు. ఉన్నదల్లా పోస్టుకార్డులు. ఇప్పుడైతే ఫోనులో ఫొటో తీసి పంపడం.

మా బేరాల్లో డబ్బు చేతులు మారేది తక్కువ. ప్రతివాడి దగ్గరా రెండు జాబితాలుంటాయి. ఒకటి కావలసినవి, రెండోది ఇవ్వదగినవి. నీ జాబితాలో ఉన్నది నాకు కావాలి, నా దాంట్లో ఉన్నది నీకు కావాలి. తూకం సరిపోకపోతే మరో చిన్న పుస్తకం మొగ్గు వెయ్యాలి. ముందు ఎవరు పంపాలన్నది పెద్ద చిక్కు. కొత్తవాడు ముందు పంపాలి, పాతవాడు తరవాత పంపుతాడు. పాతవాళ్ళిద్దరయితే ఒకేరోజు పోస్టులో వెయ్యాలి.

మరో నియమం ఉంది. పుస్తకాన్ని వర్ణించేటప్పుడు ముందు లోపాలు రాయాలి, గుణాలు తరవాత. పెళ్ళిసంబంధాల ఉత్తరాల్లో ఈ ఆచారం లేకపోవడం మన దురదృష్టం. పురుగు తొలిచిన కన్నాలెన్ని, బైండు చేసినవాడు అంచులు మరీ లోపలికి కోసేశాడా, ఎవరి సంతకమైనా ఉందా, బొమ్మలన్నీ ఉన్నాయా, అన్నీ విప్పి చెప్పాలి. అన్నిటికంటె పెద్ద లోపం మధ్యలో ఒక కాగితం లేకపోవడం. చిరుగు కంటికి కనిపిస్తుంది. లేని కాగితం కనిపించదు. పేజీలు ఒక్కొక్కటే లెక్కపెట్టినవాడికే తెలుస్తుంది.

ఆ లెక్క సరిచూసుకోడానికి పెద్దలు పట్టికలు తయారుచేసి పెట్టారు. సిడ్నీ క్లార్క్, అడాల్ఫ్ బ్లైండ్ కలిసి 1920లో ఒకటి వేశారు. 1957లో ట్రెవర్ హాల్ మరొకటి వేశాడు. తరవాత టూల్ స్టాట్ అనే ఆయన 1581 నుంచి 1876 దాకా ఇంగ్లీషులో వచ్చిన గారడీ పుస్తకాలన్నిటినీ రెండు సంపుటాల్లో వర్ణించాడు. ఆ రెండోతేదీ మన హాఫ్‌మన్ పుస్తకం వచ్చిన సంవత్సరమే.

"ఇంత లెక్క దేనికండీ? పాత పుస్తకాలు చాలా ఉంటాయిగా!" అంటారేమో. ఇవి తక్కువ. పురాణం పుస్తకాన్ని పట్టుబట్టలో చుట్టి దాచుకుంటారు. గారడీ పుస్తకాన్ని కుర్రాళ్ళు ముందు పెట్టుకుని, పేజీ మీద పేకముక్కలు పరిచి, మైనం కార్చి, చింపి అవతల పారేస్తారు. చిన్న చిన్న పుస్తకాలను గారడీవాళ్ళే ఆట అయిపోయాక జనానికి అమ్ముకునేవారు. బాగా వాడుకున్న పుస్తకమే త్వరగా నశిస్తుంది. మిగిలిందంటే, ఎవరో వాడుకోకుండా వదిలేసిందన్నమాట.

వీటిలో మరీ విచిత్రమైనది ఒకటుంది. దాని పేజీల అంచులు మెట్లుమెట్లుగా కోసి ఉంటాయి. బొటనవేలు ఒకచోట ఉంచి పేజీలు జారవిడిస్తే అన్నీ పువ్వులే కనిపిస్తాయి. పుస్తకం మీద ఉఫ్ అని ఊది, వేలు కాస్త కిందికి జరిపితే అన్నీ పక్షులే. ఇలాంటి పుస్తకాన్ని 1584లో అచ్చయిన గ్రంథంలోనే వర్ణించారు. ఆ గ్రంథం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా ప్లీడరుగారి ప్రశ్నకు సగం జవాబు అందులో ఉంది.

* * *

రెజినాల్డ్ స్కాట్ అని ఇంగ్లండులో కెంట్ ప్రాంతపు పెద్దమనిషి. 1584లో 'ది డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్' అనే పుస్తకం ప్రకటించాడు. అప్పట్లో ఆ దేశంలో దిక్కులేని ముసలమ్మలను పట్టుకుని, మంత్రగత్తెలని నేరం మోపి శిక్షించేవారు. పాలు విరిగినా మంత్రగత్తె, దూడ చచ్చినా మంత్రగత్తె. ఇదంతా అన్యాయమనీ, మనుషులకు అలాంటి శక్తులు లేవనీ చెప్పడానికి ఆయన ఆ పుస్తకం రాశాడు. అద్భుతంగా కనిపించినదల్లా మంత్రం కాదని రుజువు చెయ్యడానికి, సంతల్లో గారడీవాళ్ళు చేసే పనుల గుట్టు బొమ్మలతో సహా విప్పాడు. మనిషి తల తెగి పళ్ళెంలో ఉన్నట్టు చూపే గారడీకి బల్లకు రెండు కన్నాలూ, ఇద్దరు కుర్రాళ్ళూ చాలునన్నాడు. ఒకడి ఒళ్ళు పైన, ఇంకొకడి తల పైన. ముక్కు సగం తెగినట్టు ఎలా కనిపిస్తుందో కూడా చెప్పాడు.

ఇంగ్లీషులో గారడీ గుట్టును వివరంగా చెప్పిన తొలి పుస్తకాల్లో ఇది ముఖ్యమైనది. ఎవరికో వినోదం కోసం పుట్టింది కాదు. ముసలివాళ్ళ ప్రాణాలు కాపాడడానికి పుట్టింది. 1651లోనూ 1665లోనూ మళ్ళీ అచ్చుపడింది. ఇవాళ మొదటి ముద్రణ ప్రతి ఎక్కడైనా అమ్మకానికి వస్తే నాబోటివాడు దాని బొమ్మ చూసి దణ్ణం పెట్టుకోవలసిందే. చేతబడి చేసిందన్న అనుమానంతో ముసలివాళ్ళను చంపారన్న వార్త మన పత్రికల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంది. ఆ వార్త చదివినప్పుడల్లా స్కాట్ పుస్తకం ఇంకా పాతపడలేదనిపిస్తుంది.

అచ్చుపడ్డదల్లా నిజమని కూడా అనుకోకండి. తాడు ఆకాశంలోకి నిలువుగా లేస్తుందనీ, దానిమీద కుర్రవాడు పాకి మాయమవుతాడనీ మన దేశపు గారడీని గురించి ప్రపంచమంతా చెప్పుకుంది. మా తాతగారు కూడా కళ్ళారా చూశానని చెప్పేవారు. 1890 ఆగస్టులో షికాగో పత్రిక ఒకటి ఈ వింతను ప్రచురించింది. కొన్ని నెలలకు అదంతా కల్పించి రాసిందేనని ఆ పత్రికే ఒప్పుకుంది. కల్పన ఊళ్ళేలింది, ఒప్పుకోలు ఎవరికీ చేరలేదు. ఈ సంగతంతా పీటర్ లామంట్ అనే చరిత్రకారుడు 2004లో పుస్తకంగా రాశాడు. పాత కాగితాలు ఎవరో దాచబట్టే అది తేలింది. ఎవరూ దాచకపోతే మా తాతగారి మాటే చరిత్ర అయిపోయేది.

* * *

దాచేవాళ్ళలో పేరుమోసినవాడు హూడినీ. సంకెళ్ళు తెంచుకోవడంలో ఆయనంతవాడు లేడని అందరికీ తెలుసు. సంపాదనలో ఎంత భాగం పాత పుస్తకాలకు పోసేవాడో చాలామందికి తెలియదు. 1904లో ఆయన లండనులో ఉండగా ఎవానియన్ అనే ముసలి గారడీవాడు కబురు విని హోటలుకు వచ్చాడు. ఆ రోజు హూడినీకి ఒంట్లో బాగులేదు, డాక్టరు మంచం దిగవద్దన్నాడు. మధ్యాహ్నం 1 గంటకు వచ్చిన ముసలాయనను, బట్టలు చూసి, నౌకర్లు మేడమీదికి రానివ్వలేదు. హూడినీ 4 గంటలకు కిందికి దిగితే అక్కడే కూచుని ఉన్నాడట, చంకలో మూటతో.

ఆ మూటలో ఉన్నవి పాత గారడీవాళ్ళ కరపత్రాలు, ప్రకటన కాగితాలు. హూడినీ జబ్బు సంగతి మరిచిపోయాడు. తరవాత ఆ ముసలాయన కాపురముంటున్న నేలమాళిగ గదికి వెళ్ళి కాగితాల మధ్య కూచున్నాడు. తెల్లవారుజామున 3:30కి తమ్ముడూ డాక్టరూ వచ్చి లాక్కుపోయారు. ఇదంతా హూడినీయే 1908లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నాడు.

ముసలాయన బతికినంతకాలం తిండి మానుకుని కొన్న కాగితాలవి. 1905లో ఆయన పోయాడు. అంతకు ముందు బ్రిటిష్ మ్యూజియంవారికి అమ్మినవి వేలకొద్దీ ఈనాటికీ లండనులో భద్రంగా ఉన్నాయి. హూడినీ 1926లో పోయాడు. మరుసటి ఏడు ఆయన పుస్తకాలు దాదాపు 4,000 అమెరికావారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసుకు చేరాయి.

అన్ని బీరువాలకూ ఆ అదృష్టం పట్టదు. జాన్ మల్‌హాలండ్ అనే అమెరికా గారడీవాడి పుస్తకాలు ఆయన పోయాక 5,75,000 డాలర్లకు ఒక బ్యాంకు యజమాని కొన్నాడు. 1990లో బ్యాంకు మునిగింది. పుస్తకాలు ప్రభుత్వం చేతిలో పడ్డాయి. 1991లో డేవిడ్ కాపర్‌ఫీల్డ్ అనే గారడీవాడు 22 లక్షల డాలర్లిచ్చి మళ్ళీ గారడీవాళ్ళ ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ పుస్తకాలను బ్యాంకు రోజుల్లో కనిపెట్టుకుని ఉన్న రికీ జే 2018లో పోయాడు. ఆయన సొంత సేకరణ 2021లో న్యూయార్కులో వేలం వేస్తే 38 లక్షల డాలర్లు పలికింది.

ఈ అంకెలు మా ఇంట్లో చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. చెబితే బీరువా మీద గౌరవం పెరుగుతుంది, నామీద అనుమానం పెరుగుతుంది.

* * *

ఇహ అసలు సంగతి. ఇది చెప్పడానికి నాకు కాస్త సిగ్గుగానే ఉంది.

గోదావరి జిల్లాలో ఒక హెడ్మాస్టరుగారుండేవారు. మాస్టారనే అంటాను. 1981 నుంచీ మాకు ఉత్తరాల స్నేహం. ముఖాముఖీ కలుసుకున్నది రెండే రెండుసార్లు. ఆయనకు చేతివాటం కూడా ఉండేది. లెక్కలు చెబుతూ మధ్యలో సుద్దముక్క మాయం చేస్తే, నిద్రపోయే కుర్రవాడు కూడా లేచి కూచునేవాడట.

ఒకసారి నాకు హాఫ్‌మనుగారి 'లేటర్ మేజిక్' కావలసి వచ్చింది. ఆయన దగ్గర రెండు ప్రతులున్నాయి. ఆయనకు 'మోడరన్ మేజిక్' కావాలి. నా దగ్గరా రెండున్నాయి. ఒకటి ఆ మూర్ మార్కెట్టుది, రెండోది బైండు అందంగా ఉన్నది. అందమైనదే పంపుతానన్నాను. పార్సెలు కట్టేముందు పేజీలు లెక్కపెడితే, బిళ్ళల గారడీల ప్రకరణంలో ఒక కాగితం లేదు. 2 పేజీలు.

నిజం రాస్తే బేరం తప్పిపోతుందేమోనని భయం. ఆ రాత్రి ఉత్తరం రాశాను. వెన్నుమీద బంగారు అక్షరాలను వర్ణించాను. లోపలి బొమ్మలు ఎంత నల్లగా, స్పష్టంగా ఉన్నాయో వర్ణించాను. రెండు పురుగు కన్నాలున్నాయని నిజాయితీగా ఒప్పుకున్నాను. కాగితం సంగతి రాయలేదు. ఇప్పుడు అర్థమైందా? కుడిచెయ్యి చూపించాను, ఎడమచేతిలో పని జరిగిపోయింది. జన్మలో నేను చక్కగా చేసిన గారడీ అదొక్కటే.

పది రోజులకు పోస్టుకార్డు వచ్చింది. "పుస్తకం క్షేమంగా చేరింది. దారిలో 2 పేజీలు మాయమైనట్టున్నాయి. మంచి కనికట్టే. మీ ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను." అంతే.

ఆ కార్డు పట్టుకుని చాలాసేపు కూచున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. 'లేటర్ మేజిక్' వెంటనే తిప్పి పంపాను. ఆయన దాన్ని మళ్ళీ నాకే పంపారు, "పాఠశాలలో మొదటి తప్పుకు బెత్తం వాడను" అని రాసి. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళకు పైగా ఎన్నో పుస్తకాలు మార్చుకున్నాం. ఆ మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. నేను మాత్రం ప్రతి ఉత్తరంలోనూ లోపాలు ముందు, అవసరమైనవాటికంటె ఎక్కువే రాసేవాణ్ణి.

కిందటేడు మాస్టారు పోయారు. నెలమాసికం అయ్యాక వారి అబ్బాయి ఫోను చేశాడు. "బాబాయిగారూ, ఇల్లు ఖాళీ చేసి అమ్మను మాతో తీసుకుపోతున్నాం. నాన్నగారి పుస్తకాలు పాత కాగితాలవాడు కిలోల లెక్కన తీసుకుంటానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. ముందు మీతో చెప్పమంది."

మర్నాటి బస్సుకే వెళ్ళాను. వరండాలో మాస్టారి భార్య కూచుని ఉన్నారు. "నాయనా, ఆయన ఇవి ఎవరి చేతా ముట్టనిచ్చేవారు కాదు. నీ ఉత్తరం వస్తే మాత్రం బీరువా మొత్తం దింపేవారు" అన్నారు. అబ్బాయి తాళంచెవి ఇచ్చి, "అంతా కలిపి ఒక పదివేలు ఇవ్వండి బాబాయిగారూ, మోసుకుపోండి" అన్నాడు.

గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. పై అరలో నేను పంపిన 'మోడరన్ మేజిక్' ఉంది. తీసి, అలవాటు కొద్దీ బిళ్ళల ప్రకరణం విప్పాను. లేని కాగితం స్థానంలో మరో కాగితం అతికించి ఉంది. మాస్టారి చేతిరాత. ఎక్కడినుంచో పూర్తి ప్రతి సంపాదించి, ఆ 2 పేజీలూ అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశారు. బొమ్మలు కూడా ఇండియన్ ఇంకుతో వేశారు. అట్టలోపల చిన్న చీటీ అంటించారు. దానిమీద లోపాల జాబితా ఉంది. "రెండు పురుగు కన్నాలు. ఒక కాగితం నా రాతలో ఉన్నది. ఎవరికైనా ఇచ్చేటప్పుడు చెప్పవలెను." ఎవరి తప్పు అన్నది రాయలేదు.

ఆ కింది అరలో, వరసకు వెనక, ఆకుపచ్చ అట్టతో ఒక సన్నటి పుస్తకం కనిపించింది. తీసి చూద్దును కదా, 'ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబిల్'. 1902, షికాగో. గ్రంథకర్త తన ఖర్చుతో వేసుకున్న మొదటి ముద్రణ. తరవాత ఈ పుస్తకం లెక్కలేనన్నిసార్లు అచ్చయింది. మొదటిది మాత్రం దొరకదు. రాసినవాడి పేరు ఎస్. డబ్ల్యూ. ఎర్డ్‌నేస్ అని ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు వెనకనుంచి చదివితే ఇ. ఎస్. ఆండ్రూస్ అవుతుంది. అసలు ఆయనెవరో నూరేళ్ళు దాటినా ఇదమిత్థమని తేలలేదు. పేకాటలో మోసం ఎలా చెయ్యాలో చెప్పే పుస్తకమది. అయినా ముందుమాటలో ఆయన ఏ నీతులూ చెప్పలేదు. తనకు డబ్బు అవసరమై రాశానని ఉన్నమాట రాసేశాడు.

దాని వెల నాకు తెలుసు. లక్షల్లో మాట. పదివేలకు బీరువా మొత్తం ఇస్తానన్న అబ్బాయికి తెలియదు. వరండాలో కూచున్న ఆవిడకు తెలియదు. నేను చెప్పకపోతే ఎన్నటికీ తెలియదు. అబద్ధమాడనక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

ఏదో పెద్ద ధర్మసంకటంలో పడి గెలిచానని చెప్పను. ఒక్క క్షణం ఆ పుస్తకం సంచిలో ఎక్కడ పడుతుందా అని చూసిన మాట నిజం. కాని రెండోచేతిలో ఇంకా మాస్టారు రాసిన పేజీలున్నాయి.

వరండాలోకి వచ్చి, "అమ్మా, ఈ పుస్తకం పదివేలలో కలిపేది కాదు" అని దాని సంగతంతా చెప్పాను. అబ్బాయి నమ్మలేదు. పేకాట పుస్తకానికి అంత ధరేమిటని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "ఆయన దాన్ని ఎప్పుడూ వెనక వరసలోనే పెట్టేవారు" అన్నారు.

ముంబయిలో నాకు తెలిసిన ఒక సేకర్త ఉన్నాడు. లోపాలు ముందు రాసి, ఫొటోలు తీసి పంపాను. స్వయంగా వచ్చి, చూసుకుని, బేరమాడకుండా కొన్నాడు. ఆ డబ్బు ఆవిడ పేర బ్యాంకులో వేయించాం. తక్కినవాటికి ఒక్కొక్కదానికీ ధర కట్టి నేను కొన్నాను. పదివేలకు చాలా పైన అయింది. మా ఆవిడకు ఆ అంకె కూడా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ రాసిన పేజీలేవీ, ఓసారి చూపించండి" అంది. చూసి, "బీరువాలో పై అరలో పెట్టండి" అంది.

* * *

ప్లీడరుగారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇదండీ. గుట్టుకు వెల లేదు. బిళ్ళ ఎలా మాయమవుతుందో తెలిశాక అది గుడ్డిగవ్వ చెయ్యదు. ఆ గుట్టును ఎవరు, ఎందుకోసం, ఎవరికి విప్పి చెప్పారన్నదానికి వెల ఉంది. స్కాట్ ముసలమ్మల కోసం విప్పాడు. బారిస్టరుగారు పిల్లల కోసం విప్పాడు. ఎర్డ్‌నేస్ డబ్బు కోసం విప్పి, ఆ మాట చెప్పేశాడు.

గారడీవాడు మనల్ని మోసం చేస్తానని ముందే చెప్పి, మన ఒప్పుదలతో మోసం చేస్తాడు. అందుకే టిక్కెట్టు కొంటాం. పుస్తకాల బేరంలో ఎదుటివాడు టిక్కెట్టు కొనలేదు. అక్కడ అరచేతిలో వైకుంఠం చూపించకూడదు. రెండు చేతులూ తెరిచే ఉంచాలి.

మీకెప్పుడైనా తీరిక చిక్కితే మా ఇంటికి రండి. 'మోడరన్ మేజిక్' చూపిస్తాను. దానికి రెండు పురుగు కన్నాలున్నాయి. ఒక కాగితం చేతిరాతలో ఉంది. ఆ కాగితం మొదట లేకుండా పంపినవాణ్ణి నేనే.